థీసిస్ బీరువాలో ఉంది, బ్యాక్టీరియా ఏదీ?

1915 మార్చి 13న ఫ్రాన్స్ తీరంలోని విమరూ సైనిక ఆసుపత్రిలో ఎర్నెస్ట్ కేబుల్ అనే బ్రిటిష్ సిపాయి కన్నుమూశాడు. అతన్ని చంపింది తూటా కాదు, రక్త విరేచనాలు. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో అలా పోయినవాళ్లకు లెక్క లేదు. అతని పేరు ఇవాళ మనకు తెలియడానికి కారణం, ఆ ఆసుపత్రి బ్యాక్టీరియాలజిస్టు అతని ఒంట్లోంచి షిగెల్లా అనే బ్యాక్టీరియాను వేరుచేసి పారేయకుండా ఉంచడమే. 1920లో లండన్‌లో ఎన్‌సీటీసీ పేరుతో సూక్ష్మజీవుల నిధి ఒకటి తెరిచారు. దాని పట్టికలో మొదటి నంబరు కేబుల్ నుంచి తీసిన ఆ షిగెల్లాదే.

2014లో సాంగర్ సంస్థ శాస్త్రవేత్తలు ఆ నంబర్ 1కి మళ్లీ ప్రాణం పోసి దాని జన్యుపటం మొత్తం చదివారు. అది పెన్సిలిన్‌కూ ఎరిత్రోమైసిన్‌కూ లొంగని రకమని తేలింది. ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించింది 1928లో. అంటే మందు పుట్టక ముందే దానికి లొంగని సూక్ష్మజీవి ఒక సిపాయి పేగుల్లో ఉంది. యాంటీబయాటిక్ నిరోధకత గురించి ఎన్ని వ్యాసాలు రాసినా ఇంత సూటిగా చెప్పగలిగేవి కావు. 1920లో ఆ గాజు గొట్టానికి నంబరు వేసినవాళ్లకు యాంటీబయాటిక్ అంటే ఏమిటో, జన్యుపటం అంటే ఏమిటో తెలియదు. ఎవరు ఏ ప్రశ్నతో వస్తారో తెలియకుండానే జవాబును భద్రం చేశారు. ఇలాంటి నిధులను కల్చర్ కలెక్షన్లు అంటారు, వాటి పని ఇదే. ప్రయోగశాలల్లో అందరూ కల్చర్ బ్యాంకు అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఏదో ఒక విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ విభాగానికి వెళ్లి, రిటైరవబోతున్న ఆచార్యుడి గదిలో ఫ్రిజ్ తెరవమని అడగండి. తలుపు రబ్బరు వదులై ఉంటుంది. లోపల దూది బిరడాలు పెట్టిన పరీక్షనాళికలు రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టి ఉంటాయి. వాటిలో ఏటవాలుగా గడ్డకట్టిన అగర్ ఎండిపోయి గాజును వదిలేసి ఉంటుంది. మీద మార్కర్ పెన్నుతో రాసిన అక్షరాలు సగం చెరిగిపోయి 'ఎస్ 14' అనో 'కే 7 (2)' అనో కనిపిస్తాయి. ఆ ఎస్ అంటే నేలా, మురుగా, శ్రీకాకుళమా? చెప్పగలిగిన విద్యార్థి పీహెచ్‌డీ పూర్తిచేసి వెళ్లిపోయి పదిహేనేళ్లు. థీసిస్ మాత్రం గ్రంథాలయం బీరువాలో నల్ల అట్టతో, బంగారు అక్షరాలతో భద్రంగా ఉంది. ఆ థీసిస్‌లో రాసిన ఎంజైమ్‌ను ఇచ్చిన బ్యాక్టీరియా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆచార్యుడు పదవీ విరమణ చేసిన వారంలో ఆ నాళికలన్నీ ఆటోక్లేవ్‌లోకి వెళతాయి. కడిగి ఆరబెట్టిన గాజుసామాను కొత్త విద్యార్థులకు పనికొస్తుంది.

దీన్ని నిర్లక్ష్యం అని ఒక్క మాటలో తేల్చేయలేం. సూక్ష్మజీవిని దాచడం పుస్తకాన్ని దాచడం లాంటి పని కాదు. అది బతికున్న వస్తువు. అగర్ మీద ఉంచితే కొన్ని వారాలకోసారి కొత్త అగర్ మీదికి మార్చాలి. మార్చిన ప్రతిసారీ అది కాస్త మారుతుంది. ఈ సంగతి మన వంటింటికి ఎప్పటినుంచో తెలుసు. రోజూ నిన్నటి పెరుగే తోడు వేస్తూ పోతే కొన్నాళ్లకు పెరుగు జిగురు సాగడమో, పులుపెక్కడమో మొదలవుతుంది. అప్పుడు ఇల్లాలు గిన్నె పట్టుకుని పక్కింటికి వెళుతుంది. శాస్త్రవేత్తకూ అలా గిన్నె పట్టుకుని వెళ్లడానికి ఒక ఇల్లు కావాలి. ఆ ఇంట్లో తోడు మారకుండా ఉండాలి.

మారకుండా ఉంచేందుకు బ్యాంకుల్లో రెండు మార్గాలున్నాయి. మొదటిది ద్రవ నైట్రోజన్. మైనస్ 196 డిగ్రీల చలిలో కణం పని మొత్తం ఆగిపోతుంది. రెండోది ఫ్రీజ్ డ్రైయింగ్. బ్యాక్టీరియాను వెన్న తీసిన పాలలాంటి ద్రవంలో కలిపి గడ్డకట్టించి, శూన్యంలో ఆ మంచును నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరిగా లాగేస్తారు. గాజు ఆంపూల్ అడుగున చిటికెడు తెల్లటి పొడి మిగులుతుంది. ఆంపూల్ మెడను మంటలో కరిగించి మూసేస్తారు. అది దశాబ్దాలు ఉంటుంది, పోస్టులో పంపొచ్చు, కరెంటు పోయినా దానికేమీ కాదు. తెరవడానికి ఒక పద్ధతుంది. బయటి గాజు కొసను మంటలో కాల్చి, దానిమీద రెండు చుక్కల నీళ్లు వేస్తే టప్పున బీటలు వారుతుంది. ఆకురాయితో తట్టి కొస ఊడదీస్తారు. లోపలి చిన్న సీసాను బయటికి తీసి, దూదిని పటకారుతో పైకెత్తి, అర మిల్లీలీటరు పోషక ద్రవం వేస్తారు. మర్నాటికి అది పెట్రీడిష్ మీద చుక్కలు చుక్కలుగా లేచి కనిపిస్తుంది. యాభై ఏళ్ల కిందట ముడుచుకుని పడుకున్న జీవి అలా లేస్తుంటే ఎన్నిసార్లు చూసినవాళ్లకైనా ఒళ్లు ఝల్లుమంటుందని ఈ రంగంలోవాళ్లు చెబుతారు.

ఈ చిటికెడు పొడి విలువ తెలుగువాళ్లకు తెలియాలంటే యల్లాప్రగడ సుబ్బారావు దగ్గరికి వెళ్లాలి. భీమవరంలో పుట్టిన ఆ మనిషి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న రోజుల్లో, అప్పటికే ఒక ఉద్యోగం నుంచి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ చేరాడు. ఎక్కడెక్కడి మట్టో తెప్పించి జల్లెడ పట్టడం ఆయన పని. మిస్సోరీ విశ్వవిద్యాలయంలోని శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పాత పరిశోధన పొలం నుంచి వచ్చిన మట్టిలో 1945లో బంగారు రంగు తేలే ఒక సూక్ష్మజీవి దొరికింది. దానికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని పేరు పెట్టారు. అది ఇచ్చిన మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలిబిడ్డ. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు వెళ్లిపోయారు.

ఈ కథ మనం చాలాసార్లు చెప్పుకున్నాం, సుబ్బారావుకు నోబెల్ రాలేదన్న బాధతో సహా. మనం చెప్పుకోని భాగం ఒకటి మిగిలింది. ఆ సూక్ష్మజీవిని ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలో ఉన్న అమెరికా వ్యవసాయ శాఖ కల్చర్ బ్యాంకులో దాచారు. దాని నంబరు ఎన్‌ఆర్‌ఆర్‌ఎల్ 2209. పేటెంట్ కోసం సూక్ష్మజీవిని బ్యాంకులో డిపాజిట్ చేసే పద్ధతికి తొలి ఉదాహరణల్లో అదొకటి. పేటెంట్ అంటే ఒక ఒప్పందం. నీ రహస్యం బయటపెట్టు, కొన్నేళ్లు నీకే హక్కిస్తాం అంటుంది ప్రభుత్వం. యంత్రమైతే బొమ్మ గీసి చూపించొచ్చు. మట్టిలోంచి తీసిన బూజులాంటి దాన్ని ఏ మాటల్లో వర్ణిస్తే మరొకడు మళ్లీ తయారు చేసుకోగలడు? కాబట్టి వర్ణన బదులు జీవినే ఇవ్వాలి. 1977 బుడాపెస్ట్ ఒప్పందం దీనినే అంతర్జాతీయ చట్టం చేసింది. గుర్తింపు పొందిన ఏ ఒక్క బ్యాంకులో డిపాజిట్ చేసినా సభ్యదేశాలన్నింటిలో చెల్లుతుంది. బ్యాంకు దాన్ని కనీసం ముప్ఫై ఏళ్లు కాపాడాలి. భారత్ ఈ ఒప్పందంలో 2001లో చేరింది. చండీగఢ్‌లో 1986లో మొదలైన ఎంటీసీసీకి 2002లో ఆ గుర్తింపు వచ్చింది. తర్వాత పుణెలోని జాతీయ సూక్ష్మజీవ కేంద్రానికీ, ఉత్తరప్రదేశ్‌లోని మవూలో ఉన్న వ్యవసాయ సూక్ష్మజీవుల బ్యాంకుకూ దక్కింది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటిది ఒక్కటీ లేదు.

లేకపోతే ఏం, చండీగఢ్‌కు కొరియర్ వెళ్లదా అనొచ్చు. వెళుతుంది. అయితే మన దగ్గర ఈ బ్యాంకుల సరుకు వాడకం ఎంతో చూస్తే ఆ లోటు చిన్నది కాదనిపిస్తుంది. జీడిమెట్ల నుంచి పరవాడ దాకా మందుల కంపెనీలన్నింటికీ నాణ్యత పరీక్షల విభాగం ఉంటుంది. అక్కడ పనిచేసే కుర్రాళ్లకు అమెరికా కల్చర్ బ్యాంకు పేరైన ఏటీసీసీ అన్న నాలుగు అక్షరాలు కాఫీ, టీ అన్నంత మామూలు. స్టెఫైలోకాకస్‌కు 6538, ఈకోలైకి 8739, క్యాండిడాకు 10231 అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మందులో క్రిములు లేవని నిరూపించే ముందు, క్రిములుంటే మన పరీక్ష పట్టుకోగలదని నిరూపించాలి. అందుకు కావలసిన క్రిములు ప్రపంచమంతా ఒకటే అయ్యుండాలి. అసలు విత్తు నుంచి ఐదు తరాలు దాటితే వాడకూడదని ఫార్మకోపియా నియమం. ఆసుపత్రి ల్యాబులదీ ఇదే కథ. రోగి మూత్రంలోని బ్యాక్టీరియాకు ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్షకు, ఆ మందు బిళ్లలు మంచివో కావో తేల్చే కొలతబద్ద ఈకోలై ఏటీసీసీ 25922. 1946లో సియాటిల్‌లో ఒక రోగి నుంచి తీసిన ఆ బ్యాక్టీరియా సంతతి కర్నూలు ల్యాబుల్లోనూ తూనికరాయిలా పనిచేస్తోంది. బజారులో కిలో రాయి అరిగిపోయిందేమోనని తూనికల శాఖ తనిఖీ చేస్తుంది. పరీక్షల ఈకోలై ఎన్ని తరాలు అరిగిందో ప్రతి ల్యాబూ నిజాయతీగా లెక్క రాస్తోందని నేను నమ్మను.

డబ్బు ఎవరికి వెళ్లింది అన్న ప్రశ్న కూడా ఈ నంబర్ల వెనక ఉంది. 1960ల్లో థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ ఎల్లోస్టోన్ పార్కులోని వేడినీటి ఊటల్లోంచి ఒక బ్యాక్టీరియా తీశారు. డెబ్బై డిగ్రీల వేడిలోనూ బతికే దానికి థర్మస్ ఆక్వాటికస్ అని పేరు. దాంతో అప్పటికి ఎవరికీ ఏ పనీ లేదు. వాళ్లు దాన్ని ఏటీసీసీలో ఇచ్చి, 25104 నంబరు తీసుకుని, తమ పనిలో పడ్డారు. 1980ల్లో కేరీ మల్లిస్‌కు పీసీఆర్ ఆలోచన వచ్చింది. డీఎన్‌ఏను పదేపదే వేడిచేసి చల్లార్చినా చెడని ఎంజైమ్ ఒకటి కావలసి వచ్చినప్పుడు ఆయన కంపెనీ ఏటీసీసీ నుంచి ఆ బ్యాక్టీరియాను 35 డాలర్లకు కొనుక్కుంది. 1991లో పీసీఆర్ హక్కులు 30 కోట్ల డాలర్లకు అమ్ముడయ్యాయి. కొవిడ్ రోజుల్లో పీసీఆర్ పరీక్ష కోసం ముక్కులో పుల్ల పెట్టించుకున్న ప్రతి ఒక్కరికీ ఆ వేడినీటి ఊటతో చుట్టరికం ఉంది. ఎల్లోస్టోన్‌కు మాత్రం పైసా రాలేదు.

ఇలాంటి అనుభవాల వల్లే వెనకబడిన దేశాలు మేల్కొన్నాయి. మా మట్టిలోంచి తీసుకెళ్లి మాకే అమ్ముతారా అన్న కోపంలో న్యాయముంది. 1992 జీవవైవిధ్య ఒప్పందం, మన 2002 జీవవైవిధ్య చట్టం, 2010 నగోయా ఒప్పందం ఆ కోపం నుంచి పుట్టినవే. అయితే చట్టం దొంగను ఆపడానికి వేసిన తాళం ఇంటివాడికే అడ్డమైంది. కొత్త బ్యాక్టీరియా జాతికి పేరు పెట్టాలంటే అంతర్జాతీయ నామకరణ నియమావళి ఒక షరతు పెట్టింది. దాని మూలనమూనాను, అంటే టైప్ స్ట్రెయిన్‌ను, కనీసం రెండు వేర్వేరు దేశాల్లోని బ్యాంకుల్లో ఉంచాలి. అడిగినవాళ్లకు ఆంక్షల్లేకుండా దొరకాలి. మన చట్టం మాత్రం విదేశానికి వెళ్లే ప్రతి జీవ నమూనాకూ అనుమతి పత్రం కావాలంటుంది. రెండిటి మధ్యా నలిగేది విశ్వవిద్యాలయంలో నేల సూక్ష్మజీవుల మీద పనిచేసే చిన్న అధ్యాపకుడు. పెద్ద కంపెనీకి ఫారాలు నింపడానికి లాయర్లుంటారు. 2018లో భారతీయ శాస్త్రవేత్తలు ముందుండి, పలు దేశాల పరిశోధకులతో కలిసి, 'సైన్స్' పత్రికలో ఈ గోడు వెళ్లబోసుకున్నారు. 2023 చట్ట సవరణ పరిశోధనకు దారి సులువు చేస్తామంది. దారి నిజంగా ఎంత సులువైందో విదేశీ బ్యాంకుల్లో చేరే మన టైప్ స్ట్రెయిన్ల సంఖ్య పెరుగుతుందో లేదో చూసి తెలుసుకోవాలి.

ఆ రెండు దేశాల నియమాన్ని చాదస్తంగా కొట్టిపారేయలేం. 1890లో ప్రాగ్ నగరంలో ఫ్రాంటిషెక్ క్రాల్ ప్రపంచంలోనే మొదటి అమ్మకపు కల్చర్ బ్యాంకు పెట్టాడు. ఆయన పోయాక ఆ నిధి వియన్నా చేరింది. 1930ల్లో కొంతభాగం షికాగో వెళ్లింది. వియన్నాలో మిగిలింది రెండో ప్రపంచ యుద్ధంలో నాశనమైంది. ఎందుకు రెండు చోట్ల ఉంచాలో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? బాంబులే పడనక్కర్లేదు. 2006లో పిట్స్‌బర్గ్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పోగుచేసిన లెజియొనెల్లా నమూనాలను అధికారుల ఆదేశంతో ధ్వంసం చేశారు. అమెరికా కాంగ్రెస్ దాకా విచారణ వెళ్లింది. ఆ నమూనాలు మాత్రం తిరిగి రాలేదు.

రెండు చోట్ల ఉంచడం వల్ల వచ్చే మేలుకు హైదరాబాద్ నుంచే మంచి ఉదాహరణ ఉంది. 2005లో టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక పెద్ద బెలూన్‌ను ఎగరేసింది. అది 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి నమూనాలు పట్టింది. వాటిని హైదరాబాద్ సీసీఎంబీలోనూ పుణెలోనూ పరిశీలించారు. 2009లో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులను ప్రకటించి, ఫ్రెడ్ హాయిల్, ఇస్రో, ఆర్యభటుల పేర్లు పెట్టారు. పత్రికలన్నీ అంతరిక్షం నుంచి వచ్చిన బ్యాక్టీరియా అని మొదటి పేజీలో వేశాయి. బాసిల్లస్ ఆర్యభట్టాయి నమూనా చండీగఢ్‌లో ఎంటీసీసీ 7755గా, జపాన్‌లో జేసీఎం 13839గా చేరింది. ఆ తర్వాత జరిగింది మొదటి పేజీకి ఎక్కలేదు. ఇతర శాస్త్రవేత్తలు దాన్ని మళ్లీ పరిశీలించి, ఇది ఎప్పటినుంచో నేలలో ఉన్న మెగాటీరియం అనే జాతికి మరో పేరేనని 2019లో వాదించారు. ఆ మరుసటి ఏడు ఆ గుంపు మొత్తాన్ని ప్రీస్టియా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. ఇది మనకు నామర్దా అనుకునేవాళ్లుంటారు. నాకు అలా అనిపించదు. తన మాటను ఎవరైనా పరీక్షించుకోవచ్చని సరుకును బయట పెట్టినవాడే శాస్త్రవేత్త. నమూనా దాచి ఉండకపోతే ఆ వాదన పుట్టేదే కాదు. 2009 నాటి ప్రకటనను నమ్మేవాళ్లు నమ్మేవారు, లేనివాళ్లు లేదు.

ఇప్పుడు కొత్త వాదన ఒకటి వచ్చింది. జన్యుపటం మొత్తం చదివేస్తున్నాం, కంప్యూటర్లో దాచేస్తున్నాం, ఇంక బతికున్న బ్యాక్టీరియా ఎందుకు అని. 2022లో వచ్చిన సెక్‌కోడ్ అనే పద్ధతి జన్యుక్రమం ఆధారంగానే పేరు పెట్టడానికి ఒప్పుకుంటుంది. ల్యాబులో పెంచడానికి లొంగని సూక్ష్మజీవులు కోకొల్లలు కాబట్టి దాని అవసరం దానికుంది. కానీ జాతకం చేతిలో ఉన్నంత మాత్రాన పిల్లవాడు ఇంట్లో ఉన్నట్టు కాదు. జన్యుక్రమం మందు తయారుచేయదు, పాలు తోడుపెట్టదు, వేరుశనగ వేరుకు బుడిపె కట్టదు. 2020లో భారత్ బయోటెక్ కొవాగ్జిన్ చేయడానికి పుణె వైరాలజీ సంస్థ నుంచి హైదరాబాద్ చేరింది కాగితం మీది క్రమం కాదు. ఎన్‌ఐవీ 2020-770 అనే బతికున్న వైరస్ నమూనానే వచ్చింది.

వేరుశనగ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, ఆ బుడిపెలు కట్టే రైజోబియం బ్యాక్టీరియా నమూనాలను పెద్ద ఎత్తున పోగుచేసింది. వాటిలో ఎన్‌సీ 92 అనే రకాన్ని, కదిరి-3గా మన రైతులు ఎరిగిన వేరుశనగకు పట్టించి ప్రయోగాలు చేసింది. ఒక పంట రకానికి ఒక సూక్ష్మజీవి రకం జోడు కుదరడం అనే విషయం అక్కడ కళ్లముందు కనిపించింది. నంబరున్న రకం చేతిలో ఉంటేనే అలాంటి ప్రయోగం మళ్లీ చేయగలరు. ఇవాళ ఎరువుల దుకాణంలో అమ్మే రైజోబియం పొట్లం సంగతి చూడండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడిలో గ్రాముకు కనీసం ఐదు కోట్ల బతికున్న కణాలుండాలి. ఎన్ని ఉండాలో చట్టం చెబుతోంది, బాగుంది. అవి ఎక్కడివి, ఏ పంటకు కుదిరినవి అన్నది దుకాణదారుడికే తెలియదు, రైతుకేం తెలుస్తుంది? ట్రైకోడెర్మా వంటి జీవ పురుగుమందులకు రిజిస్ట్రేషన్ సమయంలో రకం నంబరు అడుగుతారు. అలాంటి నంబరు జీవ ఎరువు పొట్లం మీద కూడా పెద్ద అక్షరాలతో ఉండి, పొట్లంలోని సరుకును బ్యాంకులోని అసలుతో పోల్చి చూసే ఏర్పాటు జిల్లా స్థాయిలో ఉంటే నకిలీ జీవ ఎరువుల కేసులు కోర్టులో నిలబడతాయి. అసలు నమూనా లేకుండా నకిలీ అని ఎవరు నిరూపిస్తారు?

ప్రపంచవ్యాప్తంగా సుమారు ఎనిమిది వందల బ్యాంకులు, వాటిలో ముప్ఫై లక్షలకు పైగా నమూనాలు ఉన్నాయి. మన దేశానికి ఇది కొత్త విద్య కాదు. పూసా సంస్థలో శిలీంధ్రాల నిధి 1936 నుంచి ఉంది, పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలోది 1951 నుంచి. మన చిక్కు వేరే చోట ఉంది. మనం వీటిని ప్రాజెక్టులుగా చూస్తాం. ప్రాజెక్టుకు అయిదేళ్ల గడువు ఉంటుంది, తర్వాత పొడిగింపు కోసం ఫైలు తిరుగుతుంది, ఈలోగా కాంట్రాక్టు ఉద్యోగులు వెళ్లిపోతారు. ద్రవ నైట్రోజన్ మాత్రం గడువు చూసి ఆవిరవడం మానదు. మైనస్ ఎనభై ఫ్రీజర్‌కు జనరేటర్ డీజిల్ ఏ పద్దు కింద రాయాలో తెలియక తలపట్టుకునే అధ్యాపకులు చాలామంది. పురావస్తు శాఖకు, గ్రంథాలయాలకు ఉన్నట్టు బ్యాంకులకు శాశ్వత పద్దు, శాశ్వత సిబ్బంది ఉండాలి. హైదరాబాద్‌లో ఇన్ని పరిశోధన సంస్థలూ ఇన్ని మందుల కంపెనీలూ ఉన్నందుకు బుడాపెస్ట్ గుర్తింపు ఉన్న బ్యాంకు ఒకటి ఇక్కడ ఉండాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కలిసి అడగొచ్చు. అలా కలిసి అడిగే అలవాటు వాటికి లేదని తెలిసే రాస్తున్నాను.

అంత పెద్దది వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటి ఉంది. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. 2018 నుంచి ప్రతి పీహెచ్‌డీ థీసిస్‌కూ కాపీ కొట్టలేదన్న ధ్రువపత్రం జతచేయాలని యూజీసీ నియమం పెట్టింది. విద్యార్థులు సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని శాతాలు లెక్కపెట్టుకుంటున్నారు. సూక్ష్మజీవుల మీద వచ్చే థీసిస్‌లకు అదే ఫారంలో ఇంకొక గడి చేర్చాలి: ఈ పరిశోధనలో వాడిన నమూనా ఏ బ్యాంకులో ఉంది, నంబరు ఎంత. ఆ గడి ఖాళీగా ఉంటే పరీక్షకులు వైవా తేదీ ఇవ్వకూడదు.